జాతిహనన చరిత్రను బడిలో బోధించడం

1933 నుంచి 1945 వరకు జర్మనీని ఏలిన నాజీ ప్రభుత్వమూ దానితో చేతులు కలిపిన పాలకులూ ఐరోపా ఖండంలో సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. వారిలో పిల్లలే 15 లక్షలని అంచనా. రోమా ప్రజలు, వికలాంగులు, మానసిక రోగులు, పోలండ్ పౌరులు, సోవియట్ యుద్ధఖైదీలు, యెహోవా సాక్షులు, స్వలింగ సంపర్కులు వేర్వేరు కారణాల చేత, వేర్వేరు పద్ధతులలో అదే యంత్రాంగానికి గురి అయ్యారు. ఈ చరిత్ర మన పాఠశాలలకు పూర్తిగా కొత్త కాదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. 2006లో వెలువరించిన తొమ్మిదవ తరగతి చరిత్ర పుస్తకంలో నాజీయిజం మీద ఒక పూర్తి అధ్యాయమే ఉన్నది. అయినా తరగతి గదిలో కాలమంతా వెర్సయిల్స్ సంధి షరతులకూ, హిట్లర్ అధికారంలోకి రావడానికి గల కారణాలకూ ఖర్చయిపోతుంది. చనిపోయినవారి వంతుకు పాఠం చివర మిగిలేది ఒక అంకె.

దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. మన ఇళ్ళలో హిట్లర్ అనే మాట పిల్లల చెవిని పడేది చరిత్ర పాఠం కంటే చాలా ముందు. గదమాయించే తండ్రికి, ఆలస్యంగా వస్తే ఊరుకోని ప్రధానోపాధ్యాయునికి అది చాటుమాటు పేరు. 1997లో చిరంజీవి నటించిన చిత్రానికి పేరే అది. అందులో హిట్లర్ అనగా చెల్లెళ్ళను కంటికి రెప్పవలె కాచుకొనే అన్న. దానికి మూలమైన మలయాళ చిత్రం పేరూ అదే. 2006లో నవీ ముంబైలో ఒక భోజనశాలకు ఈ పేరు పెట్టగా, యూదు సంఘాలు అభ్యంతరం తెలిపిన మీదట యజమానులు మార్చుకున్నారు. వీటిలో ద్వేషం కనపడదు, తెలియకపోవడమే కనపడుతుంది. కాని తెలియని చోటనే ఉపాధ్యాయునికి పని ఉన్నది. కఠినుడైనా కార్యసాధకుడు అనే బొమ్మ మనసులో ముద్రపడిన పిల్లవానికి 60 లక్షలు అనే అంకె ఒక్కటి చెప్పి వదిలితే ఆ బొమ్మ చెరగదు.

కనుక ఈ పాఠాన్ని విషవాయు గదుల దగ్గర మొదలుపెట్టరాదు. బడి దగ్గర మొదలుపెట్టాలి. ఆ చరిత్ర నిజంగానే బడిలోను, కచేరీలోను, రిజిస్టరులోను మొదలైంది.

ముందుగా మాటల విషయం

జెనోసైడ్ అనే పదాన్ని కల్పించినవాడు రాఫెల్ లెమ్కిన్ అనే యూదు న్యాయవాది. పోలండులో పనిచేసి, యుద్ధం రాగా అమెరికా చేరిన ఆయన 1944లో ప్రచురించిన గ్రంథంలో, జాతి అని అర్థమిచ్చే గ్రీకు మాటకు చంపుట అని అర్థమిచ్చే లాటిను ధాతువును చేర్చి దీనిని కూర్చాడు. ఆయన బంధువులు పలువురు ఆ మారణకాండలోనే పోయారు. ఆయన ఎడతెగని ప్రయత్నం మీదనే 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జాతిహనన నేరాన్ని నివారించి శిక్షించే ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిపై 1949లో సంతకం చేసి 1959లో ధ్రువీకరించింది.

ఒడంబడిక నిర్వచనం పై తరగతుల పిల్లలకు కంఠతా రానక్కరలేదు గాని అర్థం కావాలి. ఒక దేశీయ సమూహాన్నో, తెగనో, వర్ణ సమూహాన్నో, మత సమూహాన్నో, ఆ సమూహమైనందుకే, పూర్తిగా గాని కొంతమేరకు గాని నాశనం చేయాలనే ఉద్దేశంతో చేసే ఐదు రకాల పనులు ఈ నేరం కిందికి వస్తాయి. చంపడం వాటిలో మొదటిది మాత్రమే. శరీరానికి, మనసుకు తీవ్రమైన హాని చేయడం, బ్రతకలేని పరిస్థితులు కల్పించడం, పిల్లలు పుట్టకుండా అడ్డుకోవడం, ఆ సమూహపు పిల్లలను బలవంతంగా మరొక సమూహానికి తరలించడం తక్కినవి. ఇక్కడ ఆయువుపట్టు 'ఉద్దేశం' అనే మాట. మృతుల సంఖ్య ఎంత పెద్దదైనా ఈ ఉద్దేశం లేని హత్యాకాండకు వేరే పేర్లు ఉన్నాయి. రాజకీయ పక్షాల వారిని ఈ నిర్వచనంలో చేర్చలేదన్న విమర్శ కూడా పిల్లల ముందు ఉంచదగినదే.

తెలుగులో దీనిని ఏమని పిలవాలి? పత్రికలలో మారణహోమం, నరమేధం అనే మాటలు వాడుకలో ఉన్నాయి. రెండూ యజ్ఞ పరిభాష నుంచి వచ్చినవి. ఇంగ్లీషులో స్థిరపడిన హోలోకాస్ట్ అనే మాట కథ కూడా ఇదే. గ్రీకులో దాని అర్థం దేవతకు పూర్తిగా దహించి సమర్పించిన బలి. ఈ కారణంగానే చాలామంది యూదులు దానిని కాదని 'షోవా' అంటారు. హీబ్రూలో అది మహావిపత్తు, వినాశనం అనే అర్థమిచ్చే మాట. హోమానికి యజమాని ఉంటాడు, దేవత ఉంటుంది, ఫలం ఉంటుంది. ఆష్విట్జ్‌లో జరిగినదానికి ఇవేవీ లేవు. అందుచేత జాతిహననం, జాతి నిర్మూలన అనే మాటలు మేలు. వాటిలోనూ ఒక ముల్లు ఉన్నది. తెలుగులో 'జాతి' అన్నది మానవజాతి, భారతజాతి, తెలుగుజాతి, స్త్రీజాతి అని ఎటు తిప్పితే అటు తిరిగే మాట. ఒడంబడిక విడివిడిగా చెప్పిన సమూహాలలో రెండు మూడు ఈ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. ఏ అర్థంలో వాడుతున్నామో పాఠం మొదట్లోనే నల్లబల్ల మీద వ్రాసిపెట్టడం మంచిది.

బడిలో మొదలైన కథ

1933లో జర్మనీలో యూదుల సంఖ్య 5 లక్షలకు కొంచెం పైన. జనాభాలో నూటికి ఒక్కరు కూడా కారు. ఆ ఏడు జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఏప్రిల్ 7న వచ్చిన ప్రభుత్వోద్యోగుల చట్టం యూదు ఉపాధ్యాయులను, ఆచార్యులను కొలువుల నుంచి తొలగించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవారికి మాత్రం అప్పటికి మినహాయింపు ఇచ్చారు. ఏప్రిల్ 25న మరొక చట్టం వచ్చింది. దాని పేరు వింటే ఎవరికీ అనుమానం రాదు: పాఠశాలలలోను కళాశాలలలోను రద్దీ నివారణ. సారాంశం ఏమనగా, ఉన్నత పాఠశాలలలో, విశ్వవిద్యాలయాలలో కొత్తగా చేరేవారిలో 'ఆర్యేతరులు' నూటికి ఒకటిన్నర వంతు మించరాదు. మొదటి దెబ్బ తగిలింది దుకాణదారునికీ బడికి వెళ్ళే పిల్లవానికీ ఇంచుమించు ఒకే నెలలోనే.

తరువాత పాఠాలు మారాయి. జాతిశాస్త్రం అనే పేరుతో తలలు, ముక్కులు కొలిచే పాఠం బడిలోకి వచ్చింది. గణితం కూడా తప్పించుకోలేదు. మానసిక రోగిని, వికలాంగుని పోషించడానికి ప్రభుత్వానికి ఎంత ఖర్చు, ఆ సొమ్ముతో ఆరోగ్యవంతుల కుటుంబాలకు ఎన్ని ఇళ్ళు కట్టవచ్చు అనే రకం లెక్కలు పాఠ్యపుస్తకాలలో అచ్చయ్యాయి. ఆ లెక్క చేసిన పిల్లవాడు ఎవరినీ ద్వేషించనక్కరలేదు, భాగహారం వస్తే చాలు. కొన్నేళ్ళకే, 1940 జనవరి నుంచి 1941 ఆగస్టు వరకు, ఆరు వైద్యశాలలలో సుమారు 70 వేల మంది రోగులను విషవాయువుతో చంపారు. ఎవరు బ్రతకాలో తేల్చినది వైద్యులు నింపిన దరఖాస్తు పత్రాలు. అక్కడ పని నేర్చిన సిబ్బందిలో పలువురు తరువాత పోలండులోని ట్రెబ్లింకా వంటి హత్యాశిబిరాలకు బదిలీ అయ్యారు. 1938లో పిల్లల కోసం రంగుల బొమ్మలతో ఒక పుస్తకం వచ్చింది. పేరు 'విషపు పుట్టగొడుగు'. మంచి పుట్టగొడుగునూ చెడ్డదానినీ పోల్చుకోవడం ఎంత కష్టమో, యూదుని పోల్చుకోవడం అంత కష్టమని తల్లి కొడుకుకు చెబుతుంది. 1930ల నడుమకు వచ్చేసరికి జర్మన్ ఉపాధ్యాయులలో అత్యధికులు నాజీ ఉపాధ్యాయ సంఘ సభ్యులు. ఈ మాట చెప్పేటప్పుడు మన ఉపాధ్యాయులు గొంతు తగ్గించనక్కరలేదు.

1935 సెప్టెంబరు 15 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వ హక్కులను తీసివేసి, యూదులకూ తక్కిన జర్మన్లకూ మధ్య వివాహాలను నిషేధించాయి. ఇక్కడ తరగతిని ఒక ప్రశ్న అడగవచ్చు: ఎవరు యూదుడో ఎలా తేల్చారు? రక్తం అన్నారు, జాతి అన్నారు, శాస్త్రం అన్నారు. తీరా చూస్తే తాతమ్మలలో, అనగా తల్లివైపు, తండ్రివైపు పెద్దలు నలుగురిలో, ముగ్గురు గాని నలుగురు గాని యూదు మతసంఘానికి చెందినవారైతే మనుమడు యూదుడు. ఆధారం మత రిజిస్టరు. క్రైస్తవం పుచ్చుకొని రెండు తరాలు గడచినవాడు కూడా ఆ లెక్కలో యూదుడే. రక్తాన్ని కొలిచే పరికరం ఎవరి దగ్గరా లేదు. చర్చిలోను, పట్టణ కచేరీలోను ఉన్న పాత కాగితాలే దిక్కయ్యాయి. పదవ తరగతి పిల్లలు ఈ వైరుధ్యాన్ని ఇట్టే పట్టుకొంటారు.

1938 ఆగస్టులో యూదు పేరు లేని యూదు పురుషులు ఇజ్రాయెల్ అని, స్త్రీలు సారా అని పేరుకు చేర్చుకోవాలన్నారు. అక్టోబరులో వారి పాస్‌పోర్టుల మీద ఒక అక్షరం ముద్ర వేశారు. నవంబరు 9, 10 తేదీలలో, అద్దాలు పగిలిన రాత్రిగా పేరుపడిన దాడులలో, వందలాది ప్రార్థనామందిరాలు తగులబడ్డాయి. సుమారు 30 వేల మంది పురుషులను నిర్బంధ శిబిరాలకు పట్టుకుపోయారు. జరిగిన నష్టానికి యూదుల మీదనే 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు. నవంబరు 15న మిగిలిన యూదు పిల్లలను ప్రభుత్వ పాఠశాలల నుంచి పంపివేశారు. 1939లో రేడియోలు పోయాయి. 1941 సెప్టెంబరులో ఆరేళ్ళు నిండిన ప్రతి బిడ్డా పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకోవలసివచ్చింది. 1942లో పెంపుడు జంతువులను ఉంచుకోరాదన్నారు. ఆ ఏడు జూనులో యూదులకు మిగిలిన సొంత బడులు కూడా మూతపడ్డాయి. అప్పటికే రైళ్ళు తూర్పుకు నడుస్తున్నాయి.

ఈ ఉత్తరువులను ఒక్కొక్కటి ఒక్కొక్క చీటీ మీద వ్రాయించి, తేదీల వరుసలో గోడకు అంటింపజేయడం ఒక మంచి అభ్యాసం. ప్రతి చీటీ దగ్గర రెండు ప్రశ్నలు చాలు. ఇది అమలు కావడానికి ఎవరెవరు పనిచేయాలి? ఇది చూసి పొరుగువాడు ఏమి చేసి ఉండవచ్చు? గుమాస్తా, రిజిస్ట్రారు, కుట్టుపనివాడు, టిక్కెట్లు లెక్కపెట్టే రైల్వే ఉద్యోగి, హాజరుపట్టీలో పేరు కొట్టివేసే ఉపాధ్యాయుడు అని పిల్లలే జాబితా పెంచుతారు. 1942 జనవరి 20న బెర్లిను శివారులోని వాన్‌సేలో 15 మంది ఉన్నతాధికారులు సమావేశమై ఐరోపాలోని కోటీ పది లక్షల మంది యూదుల సంఖ్యను దేశాలవారీగా ముందు పెట్టుకొని గంటన్నరలో పని ముగించారు. వారిలో సగానికి పైగా డాక్టరేటు పట్టభద్రులు. హత్యలు అప్పుడే మొదలయ్యాయని మాత్రం చెప్పరాదు. అంతకు నాలుగు నెలల ముందే, 1941 సెప్టెంబరు 29, 30 తేదీలలో కీవ్ నగరం వెలుపల బాబీ యార్ లోయలో 33,771 మందిని కాల్చిచంపినట్లు చంపినవారే లెక్క వ్రాసుకున్నారు.

గడప మీది స్వస్తికం, పుస్తకంలోని ఆర్యుడు

తెలుగు ఇంటి పిల్లవానికి ఈ పాఠంలో ఎదురయ్యే మొదటి తికమక స్వస్తికం. గడప మీద, పెళ్ళి శుభలేఖ మీద, కొత్త ఖాతా పుస్తకం మీద చూసిన గుర్తు నాజీ జెండా మీద కనపడుతుంది. దీనిని దాటవేస్తే పిల్లవాడు తన సొంత కథ కల్పించుకొంటాడు. మన స్వస్తికం వేల ఏళ్ళ నాటిదనీ, హిందువులతో పాటు జైనులకు, బౌద్ధులకు కూడా మంగళచిహ్నమనీ, నాజీ పార్టీ తన కొక్కెపు శిలువను 1920లో జెండాకు ఎక్కించిందనీ స్పష్టంగా చెప్పాలి. ఐరోపాలో ఒక ముసలి యూదు స్త్రీకి ఆ గుర్తు కనపడితే ఏమి గుర్తుకు వస్తుందో కూడా చెప్పాలి. రెండూ నిజాలే.

ఆర్యుడు అనే మాట ఇంకా లోతైనది. సంస్కృతం, పారసీకం, గ్రీకు, జర్మన్ భాషలు ఒకే కుటుంబానివని పందొమ్మిదవ శతాబ్ది పండితులు గుర్తించారు. భాష పేరు క్రమంగా రక్తం పేరైంది. ఆర్య అనేది భాషకు చెందిన మాట, పుర్రెకు, జుట్టుకు, రక్తానికి సంబంధించినది కాదని మాక్స్ ముల్లర్ 1888లోనే గట్టిగా హెచ్చరించాడు. విన్నవారు తక్కువ. తెలుగు సంస్కృత జన్యం కాదని, తమిళ కన్నడాల తోబుట్టువని 1816లో ఎల్లిస్ నిరూపించిన సంగతి తెలిసిన మనకు, భాషా కుటుంబం వేరు, మనుషుల వంశం వేరు అన్నది బోధించడం కష్టం కారాదు. ఇంట ఒకటి, బడిలో ఒకటి, అంగడిలో మరొకటి మాట్లాడే మన పిల్లల కంటే దీనికి సాక్షులు ఎవరు?

ఇక్కడనే రోమా ప్రజల పాఠం చెప్పాలి. ఐరోపా అంతటా విస్తరించిన వీరి భాష ఉత్తర భారతం నుంచి వెళ్ళినది. నీళ్ళను పానీ అంటారు, ముక్కును నక్ అంటారు, నలుపును కాలో అంటారు, రెండును దుయి అంటారు, మనిషిని మనుష్ అంటారు. బరంపురంలో ఒడియా వచ్చిన పిల్లవానికి, నాందేడులో మరాఠీ వచ్చిన పిల్లకు ఈ మాటలు నల్లబల్ల మీద వ్రాసి చూపండి. వారు తలెత్తి చూస్తారు. మన లంబాడీలూ వీరూ ఒకటేనని చెప్పేవారున్నారు గాని భాషాసాక్ష్యం మనలను అంతదూరం తీసుకుపోదు. భాషాశాస్త్ర అర్థంలో చూస్తే జర్మన్లకంటె రోమాలకే ఆర్య అనే మాట దగ్గర. అయినా ఆర్యజాతి పేరు మీద వారిలో రెండున్నర లక్షల నుంచి 5 లక్షల మంది వరకు చంపబడ్డారు. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్జ్‌లోని రోమా కుటుంబాల శిబిరంలో మిగిలిన సుమారు 4,300 మందిని, ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, ఒక్క రాత్రిలో తుదముట్టించారు. పశ్చిమ జర్మనీ ప్రభుత్వం దీనిని జాతిహననంగా అంగీకరించినది 1982లో. ఒక తరం పోయిన తరువాత.

యూదులు ఎవరని అడిగితే

మన పిల్లలలో చాలామందికి యూదుడు బైబిలు కథలలోని వ్యక్తి మాత్రమే. చనిపోయినవారుగానే వారిని పరిచయం చేయడం అన్యాయం. మహారాష్ట్రలోని మన పాఠకులకు కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు తెలిసినవారే. గానుగ ఆడించి బ్రతుకుతూ శనివారం పని మానివేసేవారు గనుక ఊరివారు వారిని 'శనివార్ తేలీ' అన్నారు. కొచ్చిన్‌లో, కలకత్తాలో, ముంబైలో యూదులు శతాబ్దాలుగానో తరాలుగానో నివసించారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తమను చెప్పుకొనే తెలుగు కుటుంబాలు 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటిస్తూ ఒక ప్రార్థనామందిరం నడుపుకొంటున్నాయి.

ఇంకొక తీగ ఉన్నది. ఆకాశవాణి ప్రసారాలకు ముందు తంబురా మీద వయొలిన్ పలికే ఆ సంకేత సంగీతం వినని ఇల్లు మనలో ఉండదు. దానిని కూర్చినవాడుగా పేరు పొందినది వాల్టర్ కౌఫ్‌మన్. నాజీల నీడ పడిన మధ్య ఐరోపా నుంచి 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతజ్ఞుడు. ఆ సంగీతం వినిపించి పాఠం మొదలుపెడితే పిల్లలు వినడానికి సిద్ధంగా ఉంటారు.

యానాం పిల్లలకు చెప్పవలసినది వేరు. 1942 జూలై 16, 17 తేదీలలో పారిస్‌లో సుమారు 13 వేల మంది యూదులను, వారిలో 4 వేలకు పైగా పిల్లలను, పట్టుకొన్నది జర్మన్ సైనికులు కాదు, ఫ్రెంచి పోలీసులు. విషీ ప్రభుత్వం కింద ఇది జరిగింది. ఫ్రాన్స్ దేశాధ్యక్షుడు దాని బాధ్యతను బహిరంగంగా ఒప్పుకొన్నది 1995లో. యానాంతో సహా భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలు మాత్రం 1940లోనే విషీని కాదని డిగాల్ పక్షం వహించాయి. ఒకే జెండా కింద ఉన్నవారికి కూడా ఎంచుకొనే అవకాశం ఉండినదని ఇది చూపుతుంది.

ఒక చిన్న జాగ్రత్త. నవానగర్ జాం సాహెబు బాలాచడీలోను, కొల్హాపూరు దగ్గర వలివడేలోను ఆశ్రయం పొందిన పోలండు శరణార్థుల కథను కొందరు ఈ పాఠంలో కలిపివేస్తారు. వారు ప్రధానంగా సోవియట్ ప్రభుత్వం దేశాంతరం పంపగా బ్రతికి బయటపడిన పోలిష్ క్రైస్తవులు. మంచి కథ, కాని వేరే కథ.

చూపవలసినవి, చూపరానివి

శవాల గుట్టల ఛాయాచిత్రాలు చూపరాదు. పిల్లలు భయపడతారన్నది ఒక కారణం మాత్రమే. ఆ చిత్రాలలో మనుషులకు పేరు ఉండదు, చంపినవాడు వారిని ఎలా చూశాడో మనమూ అలాగే చూస్తాము. యుద్ధానికి ముందు తీసిన కుటుంబ చిత్రాలు చూపండి: పుట్టినరోజు, బడి మెట్లు, సముద్రతీరం. ఆరవ తరగతికి ముందు ఈ విషయం వివరంగా ఎత్తుకోవద్దని వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక ప్రదర్శనశాల సలహా. మన బడులకు ఎనిమిది దాటాక అయితే ఇంకా మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తరగతిలో సగంమందిని యూదులుగా, సగంమందిని సైనికులుగా నిలబెట్టి ఆటాడించడం కొందరికి కొత్త పద్ధతిగా తోచవచ్చు. వద్దు. పది నిమిషాల ఆటలో ఆ భయం తెలియదు, తెలిసిందనే భ్రమ మాత్రం కలుగుతుంది. పైగా మన తరగతిలో ఎవరిని ఏ వైపు నిలబెట్టినా ఆ ఎంపికలో కులమో మతమో ఎవరికో కనపడుతుంది.

అంకెలను మనుషులుగా మార్చడానికి వేరే దారులున్నాయి. క్షణానికి ఒక్క పేరు చొప్పున రాత్రింబగళ్ళు చదివితే 60 లక్షల పేర్లకు 69 రోజులు పడుతుంది. ఈ లెక్కను పిల్లలచేతనే కట్టించండి. జెరూసలేంలోని యాద్ వషేం సంస్థ దశాబ్దాలుగా ఆ పేర్లను సేకరిస్తూ దాదాపు 50 లక్షలకు చేరింది. జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ 1990లలో మొదలుపెట్టిన పనిలో, మృతులు చివరగా ఇష్టపూర్వకంగా నివసించిన ఇంటి ముందు కాలిబాటలో జానెడు కూడా లేని ఇత్తడి ఫలకం పాతుతారు. పేరు, పుట్టిన ఏడు, తరలించిన తేదీ వంటి వివరాలు ఉంటాయి. 2023 నాటికి అవి లక్షకు చేరాయి.

అన్నింటికంటె మన బడికి దగ్గరైన కథ యానుష్ కొర్చాక్‌ది. పోలండులో పేరుపొందిన వైద్యుడు, పిల్లల రచయిత. వార్సాలో యూదు అనాథాశ్రమం నడిపాడు. 1940 నవంబరులో వార్సా యూదులను గోడల మధ్య బంధించినప్పుడు ఆశ్రమం కూడా లోపలికి పోయింది. మూడున్నర చదరపు కిలోమీటర్లలోపు జాగాలో 4 లక్షలకు పైగా మనుషులు. ఆకలి, విషజ్వరం. అక్కడ 1942 జూలై 18న కొర్చాక్ ఆశ్రమంలో పిల్లలచేత ఒక నాటకం ఆడించారు. అది రవీంద్రనాథ ఠాకూరు 'డాక్‌ఘర్'. జబ్బుపడి గది దాటరాదని వైద్యుడు ఆజ్ఞాపించిన అమల్ అనే బాలుడు కిటికీ దగ్గర కూర్చొని, దారిన పోయేవారితో మాట్లాడుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. గోడల వెనుక ఆకలితో ఉన్న పిల్లలకు అందులో విడమరచి చెప్పవలసినది ఏదీ లేదు. నాలుగు రోజులకు, జూలై 22న, ట్రెబ్లింకాకు తరలింపులు మొదలయ్యాయి. ఆగస్టు మొదటి వారంలో సుమారు 200 మంది పిల్లలతో కొర్చాక్ రైలెక్కాడు. తాను తప్పించుకొనే అవకాశాలు వచ్చినా కాదన్నాడు. ఎవరూ తిరిగి రాలేదు.

అదే గోడల లోపల ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూం అనే చరిత్రకారుడు కొందరిని కూడగట్టి డైరీలు, ప్రకటనలు, రేషను కార్డులు, పిల్లల వ్యాసాలు సేకరించి ఇనుప పెట్టెలలో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టించాడు. 1946లో ఒక భాగం, 1950లో ఒక భాగం తవ్వితీశారు. ఇదంతా కట్టుకథ అనేవారు నేటికీ ఉన్నారు. వారి మాట పిల్లలు సెల్‌ఫోనులో వింటారు. అందుకు జవాబు ఆ పాల క్యాన్లు.

పిల్లలు అడిగే ప్రశ్నలు

"హిట్లర్ వల్లనే కదా ఇంగ్లీషువాడు దేశం వదిలింది?" ఈ ప్రశ్న తప్పక వస్తుంది, తప్పించుకోరాదు. యుద్ధం బ్రిటనును కుంగదీసిన మాట నిజం. కాని భారత స్వాతంత్ర్యం హిట్లర్ కోరినది కాదు. జర్మన్‌గా తాను భారతదేశం మరెవరి చేతిలోనో ఉండడం కంటె ఇంగ్లీషువారి చేతిలో ఉండడమే ఇష్టపడతానని తన పుస్తకంలోనే వ్రాసుకొన్నాడు. మన స్వాతంత్ర్యోద్యమకారులను అందులో ఎద్దేవా చేశాడు. 1942 మేలో సుభాస్ చంద్రబోసు ఆయనను కలిసిన సంగతి కూడా దాచనక్కరలేదు. బోసు ఎందుకు వెళ్ళాడో, ఏమి పొందలేకపోయాడో చర్చించవచ్చు. ఆ యుద్ధంలో బ్రిటిషు సైన్యం పక్షాన 25 లక్షల మంది భారతీయులు పనిచేశారన్నదీ చరిత్రే.

గాంధీజీ 1938 నవంబరులో హరిజన్ పత్రికలో యూదులకు సత్యాగ్రహాన్ని సూచించారు. జర్మనీ వదిలి వెళ్ళిన తత్త్వవేత్త మార్టిన్ బూబర్ మరుసటి ఏడు దానికి బాధతో బదులు వ్రాశాడు. ఇంటర్మీడియటు విద్యార్థులకు ఈ రెండు పక్షాలూ ఇచ్చి వాదించుకోనివ్వండి. తీర్పు ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు.

"వాళ్ళు తిరగబడలేదేం?" తిరగబడ్డారు. 1943 ఏప్రిల్ 19న వార్సా గోడల మధ్య మిగిలినవారు పిస్తోళ్ళతో, పెట్రోలు సీసాలతో లేచి దాదాపు నెల రోజులు సైన్యాన్ని నిలబెట్టారు. అదే సంవత్సరం ట్రెబ్లింకాలోను సోబిబోర్‌లోను ఖైదీలు తిరగబడ్డారు. "ఎవరూ కాపాడలేదా?" అని అడిగితే డెన్మార్కు జాలరుల గురించి చెప్పండి. 1943 అక్టోబరులో వారు, తదితరులు సుమారు 7,200 మందిని పడవలలో స్వీడను చేర్చారు. అటువంటివారు ఐరోపా మొత్తం మీద కొద్దిమందే అన్న మాట కూడా అదే ఊపిరిలో చెప్పాలి. లేకుంటే పాఠం వీరగాథ అవుతుంది.

ఒకే భాష వారి మధ్య

జాతిహననం యూదులతో మొదలు కాలేదు, ముగియలేదు. 1915లో ఆర్మీనియన్లు, 1995లో స్రెబ్రెనిట్సాలో 8 వేలకు పైగా బోస్నియా ముస్లిం పురుషులు, బాలురు. అన్నీ చెప్పాలని చూస్తే ఏదీ నిలవదు గనుక రెండవ ఉదాహరణగా రువాండా ఒక్కటి చాలు. అక్కడ హుటూలూ టుట్సీలూ మాట్లాడేది ఒకే కిన్యర్వాండా భాష. చర్చి కూడా చాలావరకు ఒకటే. 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డు మీద తెగ పేరు వ్రాయించారు. 1994 ఏప్రిల్ నుంచి జూలై వరకు సుమారు వంద రోజులలో దారి కాపలాల దగ్గర ఆ కార్డు చూసి చంపారు. మృతులు సుమారు 8 లక్షలని ఎక్కువగా చెప్పే అంచనా, అత్యధికులు టుట్సీలు. వారిని బొద్దింకలని పిలిచిన రేడియో అంతకు ముందు ఏడే మొదలైంది. భాష ఒకటైతే కలహం ఉండదని నమ్మే మనవారికి ఈ ఉదాహరణ అవసరం.

మన ఫిర్యాదు, వారి చరిత్ర

సరిహద్దు జిల్లాల తెలుగు బడులలో ఈ పాఠం చెప్పినప్పుడు ఒక పోలిక దానంతట అదే నోటికి వస్తుంది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చినప్పుడు హోసూరు ప్రాంతంలో ఎంత కలత కలిగిందో పాఠకులకు తెలుసు. ఉపాధ్యాయులు లేక, పుస్తకాలు రాక, పిల్లలు తగ్గి తెలుగు మాధ్యమ తరగతులు మూతపడడం నాలుగు వైపులా ఉన్న కథ. వేదికల మీద దీనిని భాషాహత్య అంటారు. ఒక అడుగు ముందుకు వేసి జాతి నిర్మూలన అనడమూ ఉన్నది. తరగతి గదిలో ఆ అడుగు వేయరాదు. మనకు 30వ అధికరణం ఉన్నది, ప్రాథమిక దశలో మాతృభాషా బోధన గురించిన 350-ఎ అధికరణం ఉన్నది, న్యాయస్థానం ఉన్నది, ఓటు ఉన్నది. 1935 తరువాత జర్మన్ యూదుకు ఓటు లేదు, తనకు అన్యాయం చేసిన రాజ్యమే ఆ అన్యాయాన్ని చట్టం చేసింది. మన ఫిర్యాదు న్యాయమైనదే, దాని బలం దానికి ఉన్నది. అరువు తెచ్చుకొన్న పెద్ద మాట దానిని తేలిక చేస్తుంది, చనిపోయినవారినీ తేలిక చేస్తుంది. ఈ పోలికను పిల్లలే తెస్తే మందలించనక్కరలేదు. ఉత్తరువుల చీటీలు అంటించిన గోడ దగ్గరకు తీసుకువెళ్ళి, మన పరిస్థితి ఇందులో ఏ చీటీకి దగ్గర, దేనికి దూరం అని వారినే తేల్చమనాలి.

సమయం గురించి ఒక మాట. నాలుగు పీరియడ్లు ఉంటే సరిపోతుంది: మాటలకు ఒకటి, గోడమీది చీటీలకు రెండు, ఒక మనిషి కథకు ఒకటి. రోజులో చివరి గంటకు పెట్టకండి, పిల్లలు మాట్లాడుకోకుండా ఇళ్ళకు పోతారు. ఐక్యరాజ్యసమితి 2005లో స్మారక దినంగా నిర్ణయించినది జనవరి 27, 1945లో ఆష్విట్జ్ శిబిరం విముక్తి పొందిన రోజు. మనకు అది గణతంత్ర దినోత్సవం మరునాడు. జెండా కర్ర ఇంకా ఆవరణలోనే ఉంటుంది, ముందురోజు ప్రవేశిక చదివిన పిల్లలకు పౌరుడు అనే మాట గుర్తుంటుంది, న్యూరెంబర్గ్ చట్టాల పాఠానికి అక్కడి నుంచే అందుకోవచ్చు. నాటకం ఆడించే ఓపిక ఉన్న బడి అమల్ పాత్రకు ఒక పిల్లవానిని డిసెంబరులోనే ఎంచుకొంటే సాధనకు వ్యవధి ఉంటుంది.